విషం మేసే పురుగులు

ఉక్కు ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మంట బాబాయ్ అనేవారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఫర్నేసులోంచి వచ్చే వ్యర్థ వాయువును పొడుగాటి గొట్టం చివర తగలబెట్టడం ఆయన పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. గొట్టం మీది మంట రంగు చూసి లోపల ఇనుము ఎలా కాగుతోందో చెప్పేవాడు. ఇంట్లో ఎదురుగా పాలు పొంగిపోతున్నా మాత్రం కనిపించేది కాదు.

ఆ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి పీల్చినట్టే తెలియదు. ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం బిగుతు తప్పిన ఒక వాల్వు దగ్గర ఆయన తమ్ముడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ రోజు నుంచి బాబాయ్ చేతికి ఒక్కటే అలవాటు. ప్రమాదం గంట మోగిందా, ముందు వాల్వు కట్టెయ్యడం, మనుషుల్ని బయటికి తరమడం, కారణం తర్వాత అడగడం. ఆ అలవాటు రెండుసార్లు ప్రాణాలు కాపాడింది కూడా. తమ్ముడి భార్య ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనికి కుదిరి, బాబాయ్ పక్కింట్లోనే ఉంటోంది. ఆవిడ గది కిటికీ సరిగ్గా ఆ మంట వైపే ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని తెరిచిన పాపాన పోలేదు.

అలాంటి బాబాయ్‌ని తెచ్చి కొత్త ట్యాంకు దగ్గర వేశారు. మూడంతస్తుల ఎత్తు, నిండా గోరువెచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో కంటికి ఆనని బ్యాక్టీరియా. పనివాళ్ళ మాటల్లో పురుగులు. చిన్న సీసాతో మొదలుపెట్టి నెలన్నర పాటు వాటిని పెంచి తెచ్చిన సైంటిస్టుని డాక్టరమ్మ అనేవారు.

"ఇవి ఆ గ్యాసు తిని ఆల్కహాలు చేస్తాయి బాబాయ్. దాంతో బండ్లు నడపొచ్చు," అందావిడ.

"సారా కాయడానికి ఇంత పెద్ద బట్టీనా?" అని అందర్నీ నవ్వించాడు. నవ్వులు సద్దుమణిగాక అడిగాడు, "ఆ గ్యాసేనా? మా వాణ్ణి పొట్టన పెట్టుకున్నదేనా?"

"అదే. వాటికి అదే తిండి. మనం పీల్చే గాలే వాటికి విషం."

ఆ రోజంతా బాబాయ్ ట్యాంకుకున్న గుండ్రటి అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. కనిపించింది మురికి నీళ్ళు, బుడగలు.

మూడో వారంలో ఒక ఉదయం గంట మోగింది. బాబాయ్ చెయ్యి బాబాయ్‌ని అడగలేదు, వాల్వు కట్టేసింది. "నురగ గంటేమో బాబాయ్!" అని డాక్టరమ్మ అంటూనే ఉంది, వింటేగా! ఆవిడతో సహా అందర్నీ బయటికి తరిమేశాడు. గ్యాసు లీకని వాల్వు కట్టాక, సేఫ్టీ ఆఫీసరు వచ్చి గాలి పరీక్షించి సంతకం పెట్టేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. ఆ మహానుభావుడు ఫ్యాక్టరీ రెండో కొసలో ఉన్నాడు. ఆయన వచ్చి, చూసి, సంతకం గీకేసరికి మూడు గంటలు. తీరా చూస్తే లీకే లేదు, ట్యాంకులో నురగ పైకొచ్చిందంతే. మూడు గంటలూ పురుగులకి తిండి లేదు.

నీళ్ళు మైక్రోస్కోపు కింద పెట్టి చూసి వచ్చిన డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సగానికి పైగా పోయాయి. మిగతావి కొనఊపిరితో ఉన్నాయి. ఇవి కూడా పోతే ట్యాంకు మూసేస్తామని పైవాళ్ళు ముందే చెప్పారు."

"నా చేత్తోనే చంపుకున్నాను కదమ్మా."

"ఇంకా ఆశ ఉంది. కానీ ఇంత నీరసంలో గ్యాసు ఒక్కసారిగా ఎక్కువైనా చస్తాయి. కొంచెం కొంచెంగా పెట్టాలి. ఫర్నేసు గ్యాసేమో ఉండుండి ఎగదన్నుకొస్తుంది. మిషను పసిగట్టేలోపే అంతా అయిపోతుంది."

బాబాయ్ చొక్కా చేతులు మడిచాడు. ఫర్నేసులో సరుకు పడిన చప్పుడుకీ గ్యాసు ఎగదన్నడానికీ మధ్య ఎంతసేపో ఆయనకి తెలిసినట్టు ఏ మిషనుకీ తెలియదు. స్టూలు లాక్కుని చేతి వాల్వు దగ్గర కూర్చున్నాడు. దూరంగా ధడేల్మనగానే చక్రం వెంట్రుకవాసి మూసేవాడు. ఊపు తగ్గగానే తెరిచేవాడు. జ్వరపడిన పిల్లకి చెంచాతో పాలు పట్టినట్టు పట్టాడు.

లోపలికి వెళ్ళిన గ్యాసులో తినకుండా మిగిలిందెంతో డాక్టరమ్మ పైకి చదువుతోంది. "వందకి తొంభై ఎనిమిది." భోజనం బెల్లు మోగింది, ఇద్దరూ కదల్లేదు. రెండింటికి, "తొంభై ఎనిమిది." మూడున్నరకి, "తొంభై ఎనిమిదే."

"తినండమ్మా, తినండి," అంటూ బాబాయ్ ఇనప గోడకి అరచెయ్యి ఆనించాడు. తమ్ముణ్ణి తిన్నదాన్ని తినమని బతిమాలుతున్నానని అప్పుడు తట్టింది. అయినా చెయ్యి తియ్యలేదు.

నాలుగు దాటాక డాక్టరమ్మ అంకెని మళ్ళీ చూసుకుంది. "తొంభై ఆరు... బాబాయ్, తొంభై ఒకటి!"

పొద్దుగూకేసరికి అరవై. కళ్ళు లేవు, నోళ్ళు లేవు, కోటి కలిస్తే చెంచాడు కావు. నిలువెత్తు మనిషిని కూల్చేదాన్ని అవి మౌనంగా తినేస్తున్నాయి. ఎంత గొప్ప సంగతి ఇది! బాబాయ్ వాల్వు వదలకుండానే ఏడ్చేశాడు.

నెల తిరక్కముందే గొట్టం మీది మంట కురచబడింది. డాక్టరమ్మ చిన్న సీసాడు ఆల్కహాలు, దానికో గేటు పాసు ఇచ్చి, "తాగకండి బాబాయ్," అని మరీ పంపింది. ఆయన తిన్నగా మరదలింటికి వెళ్ళి, స్పిరిట్ పొయ్యిలో పోసి వెలిగించాడు. నీలంగా, పొగ లేకుండా వెలిగింది.

"ఇది ఆ గ్యాసేనమ్మా. పురుగులు తిని ఇలా మార్చాయి."

ఆవిడ వంగి ఆ మంటలోకి చూసింది. "మీ తమ్ముణ్ణి తీసుకుపోయిందేనా బావగారూ?"

"అదే."

మంట పక్కన అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత లేచి, గిన్నెలో నీళ్ళు తెచ్చి దాని మీద పెట్టి, టీ పొడి డబ్బా తీసింది.

"పంచదార ఎంత వెయ్యను?" అని అడుగుతూ, ఉక్కపోస్తోందని కిటికీ తలుపు తోసింది.