కరక్కాయ నీళ్లలో తేలిన పుట్టినరోజు

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఉదయం ఐదున్నరకు కావలి స్టేషనులో నెల్లూరు వైపు పోయే పాసింజరు ఎక్కాను. చేతిలో గుడ్డసంచీ. అందులో ఒక జత బట్టలు, మా ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం, ఆఫీసువాళ్లు పంపిన ఒక కాగితం. ఆ కాగితం వల్లనే ఈ ప్రయాణం. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోదలచినవారికి ఉపయోగపడుతుందని దారీ వేళలూ వివరంగా రాస్తున్నాను. నాకు పడిన పని మాత్రం ఇంకెవరికీ పడకూడదు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. మాలాంటి ప్రతి ఉద్యోగికీ ఆఫీసులో ఒక సర్వీసు రిజిస్టరు ఉంటుంది. పుట్టిన తేదీ, చేరిన తేదీ, బదిలీలు, సెలవులు అన్నీ అందులోనే. ఆ పుస్తకం ఉంటేనే ఆఫీసుకు మనిషి ఉన్నట్టు. పోయిన వానల్లో మా ఆఫీసు కప్పు కారితే, సరిగ్గా నా రిజిస్టరు ఉన్న బీరువా మీదే కారింది. విప్పి చూస్తే అట్ట మీద నా పేరు తప్ప ఏదీ చదవ వీలుకాలేదట. దాంతో జతచేసిన నా చదువు సర్టిఫికెట్ల గతీ అంతే. కొత్త రిజిస్టరు తెరవాలంటే పుట్టిన తేదీకి ఆధారం తెమ్మన్నారు. తేకపోతే డాక్టరు మనిషిని చూసి వయసు నిర్ణయిస్తాడు. ఇక్కడే నా ఖర్మ. నాకు ముప్ఫై అయిదో ఏటికే తలంతా నెరిసింది. ఈ తల చూసిన ఏ డాక్టరయినా మేం దిగిపోవలసిన యాభై అయిదేళ్లూ నిండాయని రాస్తాడు, ఈ జూన్‌లోనే నన్ను ఇంటికి పంపేస్తారు. నా లెక్కకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఆరో తరగతి నుంచి నా చేతి మీదుగా వచ్చిన పిల్లలు బడి ముగించడానికి ఇంకా రెండేళ్లుంది. వాళ్లను నడిమధ్యలో ఇంకొకరికి అప్పగించి పోవడం తలుచుకుంటేనే నాకు అన్నం సయించడం లేదు.

రైల్లో నా ఎదురుగా బుచ్చిరెడ్డిపాలెం వడ్ల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. కాసేపు నా తల వైపే చూసి, "పెన్షను పని మీద పోతా ఉండారా, పెద్దాయనా?" అని ఆదరంగా అడిగాడు. నాకు యాభై రెండేనని కొంచెం గట్టిగానే చెప్పాను. ఆయన నమ్మినట్టు తల ఊపి, లేచి కిటికీ పక్క చోటు నాకిచ్చాడు. ఆ మర్యాదకు ఇంకా ఒళ్లు మండింది. గాలి మాత్రం హాయిగా ఉంది.

ఏడుంపావుకు నెల్లూరు. బస్సులు ఆగేచోట ఇడ్లీ, కాఫీ బాగున్నాయి. కారప్పొడిలో నెయ్యి అడగకుండానే వేశారు. ఎనిమిదిన్నర బస్సు తొమ్మిదింటికి కదిలి, పదిన్నరకు ముత్తుకూరులో దించింది. అక్కడి నుంచి ఉప్పుమళ్ల గట్టు మీద గంట నడక, తరువాత బకింగ్‌హాం కాలువలో పడవ. పడవలో ఎండకు మరుగు లేదు, పోయేవారు గొడుగు తీసుకుపోవాలి. రెండు వైపులా సరుగుడు తోపులు, వాటి సందుల్లో తెల్లగా ఉప్పు కుప్పలు. పెరుగన్నం పడవలోనే తిన్నాను. ఒంటిగంటకు నేను పుట్టిన పల్లెలో దిగాను. ఎనిమిదో ఏట నాయన వెంట ఊరు వదిలిన తరువాత ఇదే రావడం. ఒక్క ముఖమూ గుర్తుపట్టలేకపోయాను.

ఆ ఊళ్లో చిన్న చర్చి ఉంది. నాకు బాప్తిస్మం ఇచ్చింది అక్కడే కాబట్టి, పుట్టిన తేదీ వాళ్ల రిజిస్టరులో ఉండాలి. నా చిన్ననాటి బడి ఎప్పుడో మూతపడింది, ఇక మిగిలిన ఆధారం ఇదొక్కటే. పాస్టరుగారు ముప్ఫై ఏళ్లు దాటని మనిషి. ఆయన నన్ను వసారాలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విషయం విన్నాడు. రెండేళ్ల కిందటి తుపానులో కాలువ పొంగి చర్చిలోకి ఉప్పునీళ్లు వచ్చాయట. పుస్తకాల పెట్టె ఒక పగలంతా మునిగి ఉందట. లోపలికి పోయి ఒక పొడవాటి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు.

కాగితాలు గట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద రాతే లేదు. వెలుతురుకు వాలుగా పెట్టి చూస్తే లేత పసుపు గీతలేవో ఉన్నట్టూ లేనట్టూ కనిపించాయి. నా పుట్టిన ఏడాది పేజీ ఏదో కూడా తెలియడం లేదు.

దీన్ని ఎవరో కడిగినట్టుంది, ఎవరు చేశారు ఈ పని అని అడిగాను. చర్చి ఊడ్చే మార్తమ్మ అని చెప్పాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, డెబ్భై ఏళ్ల మనిషి. ఉప్పునీళ్లు తగిలిన దేనినయినా ఆ ఊళ్లో మంచినీళ్లలో జాడించకుండా ఎండబెట్టరు. బట్టయినా, వలయినా, ఇనప సామానయినా అంతే. మార్తమ్మ రిజిస్టరును కూడా గంగాళంలో పెట్టి మూడు నీళ్లు మార్చి కడిగి, నీడన ఆరబెట్టింది. నాకు కోపం ఆగలేదు. "పుస్తకాన్ని గిన్నెలు తోమినట్టు తోముతారా ఎవరయినా?" అన్నాను. ఆమె తల వంచుకుంది. పాస్టరుగారి ముఖం చిన్నబోయింది.

ఆయన లోపలి నుంచి ఇంకొక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది పెళ్లిళ్ల రిజిస్టరు. ఆ రోజే తొందరపడి ఆయనే దాన్ని కడగకుండా ఎండలో పెట్టాడట. పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకరాయిలా ఉంది. అంచులు ఉప్పు పూసి పొడి రాలుతున్నాయి. "ఇది నేను కాపాడిన పుస్తకం, మాస్టారు గారూ. అది ఆమె కాపాడింది" అన్నాడు. నేను రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూశాను.

అప్పుడు మార్తమ్మే, గుమ్మం దగ్గర నుంచి, కోటయ్యను ఒకసారి పిలిస్తే బాగుంటుందని మెల్లగా అంది. కోటయ్య ఊళ్లో వలలకు రంగు కాచే మనిషి. నూలు వలలు నీళ్లలో చివికిపోకుండా తుమ్మచెక్క, కరక్కాయ కాచిన కషాయంలో నానబెడతారు. నైలాను వలలు వచ్చిన తరువాత ఆయనకు పని తగ్గిందట. వచ్చి, పేజీని ముట్టుకోకుండా వంగి, చాలాసేపు చూశాడు. ఈ రాత రాసిన పాత పాస్టరు అయ్యగారు సిరా ఎట్లా చేసేవారని మార్తమ్మను అడిగాడు. కరక్కాయ దంచి, ఇనప ఉప్పయిన అన్నభేది కలిపి ఇంట్లోనే చేసేవారని ఆమె చెప్పింది.

"అయితే రాత యాడికీ పోలా, అయ్యోరా" అన్నాడు నాతో. "వలకు ఇనప మేకు తగిలిన కాడ నల్ల మచ్చ పడతాది. ఏళ్ల తరబడి నీళ్లలో నాని అది పాలిపోతాది. ఆ వలను మళ్లా కరక్కాయ నీళ్లలో ముంచినామంటే మచ్చ మళ్లా నల్లబడతాది. ఇనుము ఆడే ఉండాది. దానికి కావలసింది కరక్కాయే."

పాస్టరుగారు వెంటనే ఒప్పుకోలేదు. ఉన్న గీతలు కూడా పోతే ఊరందరి పుట్టుకలూ పోయినట్టేనని ఆయన భయం. కోటయ్యకు ఆ భయం న్యాయంగానే తోచింది. ముందు ఎవరి పేరూ లేని చోట, పేజీ నెత్తిన వరుసల శీర్షికలున్న చోట చూద్దామన్నాడు. పలచగా కాచి, చల్లార్చి, రెండుసార్లు గుడ్డలో వడకట్టిన నీళ్లు చిన్న ముంతలో తెచ్చాడు. కోడి ఈకను అందులో ముంచి, విదిలించి, కాగితానికి ఆనీ ఆననట్టు ఒకసారి రాశాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మొదట పసుపు గోధుమరంగుకు తిరిగింది. తరువాత నలుపు మెల్లగా లోపలి నుంచి పైకి వచ్చింది. 'శిశువు పేరు' అన్న మాట, పొల్లు కూడా పోకుండా, నిలబడింది. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో తెలివితేటలు చూశాను. ఇంత నెమ్మదైన తెలివి చూడలేదు.

రెండున్నరకు మొదలుపెట్టి నాలుగున్నర దాకా వెదికాం. ప్రతి పేజీలో ఒక్క తేదీ మీద మాత్రం ఈక ఆనించి, ఏ ఏడాదో చూసుకుని, మిగతా పేజీ జోలికి పోకుండా ముందుకు నడిచాడు కోటయ్య. మార్తమ్మ ఒక్కొక్క పేజీ కింద పాత పంచెగుడ్డ వేసి తడి అద్దుతూ కూర్చుంది. ఆఖరుకు మా నాయన పేరు తేలింది. దాని పక్కన నా పేరు. కన్నీళ్లు వచ్చాయని చెప్పడానికి సిగ్గుపడను.

పాస్టరుగారు నకలు రాస్తూ ఒకచోట కలం ఆపాడు. "మాస్టారు గారూ, నెలా తేదీ మీరు చెప్పినవే. ఏడాది మాత్రం కాదు. ఒకటి ముందుంది."

వంగి చూశాను. నిజమే. బడిలో వేసేటప్పుడు పిల్లవాడి వయసు ఒక ఏడాది తగ్గించి చెప్పడం ఆ రోజుల్లో ప్రతి తండ్రీ చేసిన పనే. మా నాయన కూడా చేశాడు. ఆ తప్పే బడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కి, ముప్ఫై ఏళ్లు నిజంగా చెల్లింది. ఆఫీసు కప్పు కారి పోగొట్టింది నా నిజం కాదు, నా నాయన చెప్పిన అబద్ధం. నాకు ఇంక మూడేళ్లు లేవు, రెండే.

ఆఖరి అంకె ఇంకా తడిగా, కొంచెం అస్పష్టంగా ఉంది. అది మరొక అంకెలా ఉందని నేనంటే, ఆ కుర్ర పాస్టరు మొహమాటానికి ఒప్పుకునేవాడేమో. మనసు అటు పోలేదని చెప్పను. కానీ మార్తమ్మ తడిగుడ్డ పట్టుకుని ఇంకా అక్కడే కూర్చుని ఉంది. కోటయ్య ఈకను తుడుస్తున్నాడు. అంత జాగ్రత్తగా పైకి తెచ్చిన అంకెను వాళ్ల ముందు కాదనడానికి నోరు రాలేదు. ఉన్నదే రాయమన్నాను. ఆయన రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

రాత్రి భోజనం పాస్టరుగారింట్లో. మొలగొలుకుల అన్నం, మామిడికాయ వేసిన బొమ్మిడాయి చేపల పులుసు. ఆ పులుసు కోసమే ఇంకొకసారి పోవచ్చు. వసారాలో నులకమంచం వేశారు. పొద్దున పడవ దగ్గరికి మార్తమ్మ కూడా వచ్చింది. నిన్నటి మాట మనసులో పెట్టుకోవద్దని చేతులు జోడించాను. "నువ్వు ఈ ఊరి బిడ్డవే గదా నాయనా. ఇంట్లోవాళ్ల మీద గాక ఎవురి మీద కోప్పడతావు?" అంది. మిగిలిన పేజీలు కూడా నెలకు కొన్ని చొప్పున పైకి తెస్తామని కోటయ్య చెప్పాడు. ఆ పనికి ఆయన చూపిన ఉత్సాహం చూస్తే, నైలాను వలలు వచ్చినందుకు ఆ ఊరు సంతోషించాలి.

ఎనిమిదికి పడవ, పదకొండున్నరకు ముత్తుకూరు బస్సు, రెండుంపావుకు నెల్లూరులో రైలు. సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వేళ్ల మీద లెక్క వేశాను. నా పిల్లలు బడి ముగించడానికి రెండేళ్లు. నాకు మిగిలినవీ రెండేళ్లే. శేషం సున్నా. లెక్కల పంతులికి ఇంతకంటే తృప్తి ఏముంటుంది? మూడో ఏడు ఊరికే ఆశపడ్డాను.

కావలి ఇంకా రెండు స్టేషన్లు ఉందనగా, పక్కన కూర్చున్న ఆయన నా తల చూసి మాట కలిపాడు. అరవై దాటినాయా అని అడిగాడు. ఈసారి కోపం రాలేదు.

"యాభై మూడు" అన్నాను. పుట్టి బుద్ధెరిగిన తరువాత నా వయసు నేను సరిగ్గా చెప్పడం అదే మొదటిసారి.