తేదీ దాచిన మా వదిన

మా వదిన తోమోయోకి అబద్ధం ఆడటం రాదు. నోరు విప్పేలోపే చెవులు ఎర్రబడిపోతాయి. అలాంటి మనిషి రెండు వారాలకి పైగా మా అన్నయ్యకి పచ్చి అబద్ధం చెప్పి నెగ్గుకొచ్చింది.

మాది కితకత ఊళ్ళో రామెన్ కొట్టు, అంటే చారులో నూడుల్స్ వేసి అమ్మేది. మా ఊరివాళ్ళు పొద్దున్నే వేడివేడిగా నూడుల్స్ తిని పనుల్లోకి పోతారు కాబట్టి ఏడింటికల్లా తెరుస్తాం. చారు కాచేది అన్నయ్య మోరిహికో. ఉప్పు సరిపోయిందా, సోయా ఎక్కువైందా అని రోజంతా గరిటెడు గరిటెడు తాగుతూనే ఉంటాడు. అది చాలనట్టు తన గిన్నె కూడా అడుగు కనబడేదాకా ఖాళీ చేస్తాడు. చారు వదిలేస్తే వండినవాణ్ణి అవమానించినట్టేనని మా నాన్న నేర్పాడు. ఆ నాన్నే నలభై ఒకటో ఏట ఇదే పొయ్యి ముందు గుండె పట్టుకుని కూలబడ్డాడు. అన్నయ్యకి ఇప్పుడు ముప్ఫై ఎనిమిది.

ఏటా అక్టోబరులో టౌన్ ఆఫీసువాళ్ళు ఆరోగ్య పరీక్షలు పెడతారు. తేదీ రెండు వారాల్లోకి వచ్చిందంటే మావాడు సన్యాసి అయిపోతాడు. క్యాబేజీ, టోఫు తప్ప ముట్టడు. సాకె మందు బంద్, సిగరెట్ బంద్, సాయంత్రం నది గట్టున నడక. వీడొక్కడే కాదు, వీధి వీధంతా ఇదే తంతు. ఫలితాల కాగితంలో అన్నీ బాగున్నాయని రాగానే కొవ్వు మాంసం తెచ్చుకుని పండగ! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఆ మాంసం నేనూ తిన్నదాన్నే, సిగ్గు లేకుండా.

ఈ వేసవిలో అన్నయ్య పిండి బస్తా ఎత్తుకుని మెట్ల దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు ఆయాసపడ్డాడు. వదిన అది చూసింది. సెప్టెంబరు చివర్లో పరీక్ష కార్డు వస్తే నా కళ్ళముందే బియ్యం డబ్బాలో దూర్చేసి, "ఈసారి ఇరవై ఎనిమిదిన అటండీ," అని కేకేసింది. చెవుల మీదికి జుట్టు ముందే దువ్వుకుంది, గడుసుది!

అసలు తేదీ పద్నాలుగు, మా కొట్టుకి సెలవు రోజు. పొద్దున్నే టీ కప్పు అందుకోబోతున్న అన్నయ్య చేయి వదిన పట్టుకుంది.

"తాగకండి. పరీక్ష ఇవాళే."

"ఇవాళేంటే? ఇరవై ఎనిమిదన్నావుగా!"

"అబద్ధం చెప్పాను."

అన్నయ్య ఇల్లు పీకి పందిరేశాడు. "మొగుణ్ణి దొంగని పట్టించినట్టు పట్టిస్తావా? నిన్న మధ్యాహ్నం రెండు గిన్నెలు లాగించానే! నా పరువేం కాను?"

"పరువు మీరే ఉంచుకోండి. నాకు మనిషి కావాలి," అంది వదిన. "ముందే చెబితే ఇంకెవరి గుండెనో చూపించి వస్తారు. నాకు మీ గుండె సంగతి తెలియాలి."

అన్నయ్య నా మీదికి తిరిగాడు. "నోబుయే, నీకూ తెలుసా ఇదంతా?"

"తెలుసు. నడు అన్నయ్యా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?" అన్నాను. నాన్న పోయిన రోజున నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాట మాత్రం పైకి అనలేకపోయాను.

వెళ్ళాడు, తలుపు దభాలున వేసి మరీ. తర్వాత మూడు వారాలు వదినతో మాట్లాడలేదు. ఉల్లికాడలు కావాలన్నా నాతో చెప్పించేవాడు. వదిన పైకి మామూలుగానే ఉన్నా, తన తిండి సగానికి తగ్గించేసింది.

కాగితం వచ్చింది. రక్తపోటు నూట డెబ్బై పైన, కొలెస్ట్రాల్ అంతకంటే ఘోరం, వెంటనే డాక్టర్ని కలవమని ఎర్ర ముద్ర. ఈసారి అన్నయ్య గొడవ చేయకుండా వెళ్ళాడు. గుండెకి ఇంకా ఏమీ కాలేదట. మందులు రాసి, సిగరెట్ మానమని, ఉప్పు తగ్గించమని చెప్పారట. తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వచ్చిందంటే మీరు అందరికంటే ముందే జాగ్రత్తపడాల్సిందని చీవాట్లు కూడా పెట్టారట.

ఇప్పుడు చారు రుచి చూసేది నేనూ వదినా వంతులవారీగా, అదీ చెంచాడే. మొదటి రోజు వదిన చెంచా నోట్లో పెట్టుకుంటుంటే అన్నయ్య ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"బాగుందండీ," అంది వదిన.

"నాకు భయమేసేదే, తోమోయో," అన్నాడు అన్నయ్య, ఉన్నట్టుండి. "నాన్న వయసు దగ్గరపడుతోందని. ఆ కాగితంలో అంతా బాగుందని చూస్తే ఒక ఏడాది నిద్రపట్టేది. అందుకే..."

వదిన చెంచా కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది, పాపం. అన్నయ్య చేతిగుడ్డ తీసి ఆమెకిచ్చాడు.

"ఏడవకే. వచ్చే ఏడు కూడా తేదీ నాకు చెప్పకు."