బొబ్బర వేళ్ళ మీద గడ్డలు

వసంతకుమారి సిస్టర్ ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రి సర్జికల్ వార్డులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. ఎక్కడైనా గడ్డ కంటపడితే నొక్కి చూడకుండా ఉండలేదు. వసంత్ కుంజ్‌లో తాను వెళ్ళే తెలుగు చర్చి పెరట్లో బొబ్బర పాదులు వేయించింది ఆవిడే. నీళ్ళు పోసి పెంచింది మాత్రం బీహారు మాలీ దశరథ్.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ కలుపు పీకబోతే బొబ్బర మొక్క ఊడి చేతికొచ్చింది. వేళ్ళ నిండా మిరియాలంత గడ్డలు. ఇంకేముంది, దశరథ్‌ని పిలిచి అందరి ముందూ హిందీలో దులిపేసింది.

"జబ్బు మట్టి తెచ్చి దేవుడి పెరట్లో పోస్తావా?"

"ఇవి ఎప్పుడూ ఉండేవే దీదీ. మా నాన్న చేలోనూ చూశాను."

"నాకే చెప్తున్నావా? గడ్డంటే ఏమిటో నీకంటే నాకు తెలుసు."

పాదులన్నీ అతని చేతే పీకించింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. చర్చి పెద్దలతో చెప్పి అతన్ని పనిలోంచి మాన్పించింది కూడా. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది, మహాతల్లి.

రెండు వారాలకు గ్రేటర్ నోయిడాలో వ్యవసాయం చదువుతున్న మనవరాలు జెనీఫర్ వచ్చింది. అమ్మమ్మ తన ఘనకార్యం ఫోనులో ఫొటో తీసి మరీ దాచుకుంది. తీసి చూపించింది.

"అరే అమ్మమ్మా, యే బీమారీ నహీఁ హై. ఆ గడ్డల్లో బాక్టీరియా ఉంటాయి. మొక్క వాటికి తిండి పెడుతుంది. అవి గాలిలోంచి నైట్రోజన్ పట్టి మొక్కకిస్తాయి. కోస్తే లోపల పింక్‌గా ఉంటుంది, మన బ్లడ్‌లో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే."

"మరి జబ్బో?"

"జబ్బేం లేదు. హెల్దీ మొక్కల్ని పీకేశావు."

వసంతకుమారికి తల కొట్టేసినట్టయింది. మొక్కలు పోతే పోయాయి. "నాకే చెప్తున్నావా" అన్న మాట మాత్రం ఆ రాత్రి అన్నం తిననివ్వలేదు. సిగ్గుతో మనవరాలి వైపు కూడా చూడలేక, మర్నాడు పొద్దున్నే ఒక్కతే ఆటో ఎక్కి రంగ్‌పురిలో అతని గుడిసె వెతుక్కుంటూ వెళ్ళింది.

గుడిసె వెనక రెండు మంచాలంత నేల. అందులో ఓ మూల బొబ్బర తీగలు కుప్పగా ఎండిపోయి ఉన్నాయి. దశరథ్ స్టూలు తుడిచి వేశాడు.

"మీరు చెప్పాక నావీ పీకి చూశాను దీదీ. అవే గడ్డలు. పిల్లలు తినే కాయలు కదా, భయమేసి అన్నీ తీసేశాను. ఆ రోజు కోప్పడి మేలే చేశారు."

"కాదు దశరథ్. అది జబ్బు కాదు. నాదే తప్పు. నువ్వు చెప్పిందే నిజం. పెద్దలతో నేనే మాట్లాడతాను, మళ్ళీ పనిలోకి రా."

అతను మొహమాటంగా నవ్వాడు. "నా పని పోయిందని జాలిపడి అంటున్నారు. అంత పెద్దాసుపత్రిలో చేసిన మీకు తెలియకపోవడమేమిటి?"

"నాకు తెలియదు," అంది వసంతకుమారి. ముప్పై ఏళ్ళలో ఎవరి ముందూ ఆ మాట అని ఎరగదు. అతను నమ్మలేదు. దీదీకి చాయ్ పెట్టమని భార్యను కేకేశాడు.