యంత్రాలు కుదుర్చుకున్న బేరం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఫోనులో మనిషి మాట్లాడితే బేరం చెడుతుంది, యంత్రం మాట్లాడితే కుదురుతుంది. (నవ్వకండి. ఆ నమ్మకానికి నెలనెలా జీతం కూడా ఇచ్చేవాళ్లు.) నంద్యాలలో ఒక మందుల షాపు మీది గదిలో మా కంపెనీ. దుకాణాలవాళ్లకు మాట్లాడే యంత్రాన్ని అమ్మడం మా పని. అది ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోను చేసి, మనిషిలాగే కుశలం అడిగి, సరుకు గురించి చెప్పి, కొనేలా ఉన్నవాళ్ల వివరాలు మాకు పంపేది. అలాంటివాళ్లను మేం 'లీడు' అనేవాళ్లం. నెలాఖరులోపు ఒక్క లీడైనా నిజమైన బేరంగా మారితే నా ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. మా అమ్మ అప్పటికే వీధంతా "మావోడు కంప్యూటర్లతో మాట్లాడిస్తాండాడు" అని చాటింపు వేసేసింది, కాబట్టి ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలో నాకు తెలియలేదు.

ఏ దుకాణమూ దొరక్క చివరికి ఆళ్లగడ్డలో మా మేనమామ కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. "దేవుడు కావల్లంటే మనుషులే ఎతుక్కుంటా వస్తారు గాని, ఫోను చేసి పిలుస్తే వస్తారేందిరా?" అన్నాడు. "పిల్లోడు అంత ఇదిగా అడుగుతాండాడు, సరే అనరాదా" అని అత్త కసురుకుంది. సరేనన్నాడు.

యంత్రానికి మాటలు నేర్పింది నేనే. "నమస్కారం, మీ విలువైన సమయాన్ని" అంటూ కంపెనీ రాసిచ్చిన పాఠం చూస్తే నాకు ఒళ్లు మండింది. మా పక్క అట్లా మొదలుపెడితే ఫోను పెట్టేస్తారు (పెట్టేసే ముందు ఒక మాట కూడా అంటారు). అందుకని మా మర్యాదలన్నీ దానికి నేర్పాను. ముందుగా "తిన్యారా?" అని అడగాలి, ఎదుటివాళ్లు ఏమన్నా కాదనకూడదు, వాళ్లు పెట్టేదాకా తను ఫోను పెట్టకూడదు. మా అమ్మ నాకు నేర్పి విసిగిపోయినవన్నీ అది ఒక్క పూటలో నేర్చుకుంది.

ఒకరోజు నేను భోజనం చేసి వచ్చేసరికి అది పొద్దుటి నుంచీ వెలుగోడులో ఒకామెతోనే మాట్లాడుతోంది. ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని విన్నాను.

"తిన్యారా అక్కా?"

"తింటిని అన్నా, మీరు తిన్యారా?"

"తింటిని అక్కా. మీకు విగ్రహం కావల్లా?"

"తప్పకుండా అన్నా. మీకు షామియానా కావల్లా?"

"తప్పకుండా అక్కా. విగ్రహం ఎంత ఎత్తు?"

"మీరు ఎంతంటే అంతే అన్నా. భోజనాలకు ఎంతమంది?"

"మీరు ఎంతమందంటే అంతమందే అక్కా."

ఎంత మంచి మనుషులో అని నా కళ్లు చెమర్చాయి. షామియానా, భోజనాల ముచ్చట కాస్త అడ్డం పడింది గాని, గుడి కట్టేవాళ్లు ప్రతిష్ఠ ఏర్పాట్లు కూడా మాట్లాడుకుంటున్నారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆరడుగుల నరసింహస్వామి, శుక్రవారం మామ ఇంటి దగ్గర కలవడం, అన్నీ ఖాయమయ్యాయి. ఈ మాట చెప్పగానే మామ గొంతే మారిపోయింది. "ఆరడుగులా! మంచి రాయి దాచిపెట్టినాలే అల్లుడా" అని, దాన్ని క్రేనుతో దింపించి గీతలు కూడా గీసేశాడు.

శుక్రవారం నేను పూలదండతో వెళ్లేసరికి మామ ఇంటి ముందు లారీ ఉంది. కొందరు గుంజలు పాతుతున్నారు. వంటవాళ్లు పొయ్యిలు వెలిగించి ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. మామ ఉలి పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. లారీతో వచ్చిన ఆసామి వెలుగోడులో టెంటు హౌసు నడిపే భాయ్ అట.

"ఎవరిదప్పా పెండ్లి?" అన్నాడు మామ.

"మీదే గదా పెద్దాయనా! మీ కాడుండే అన్నెవరో మా అక్కతో మాట్లాడి ఖాయం చేసినాడు."

"ముందు మీ అక్కను పిలువు భాయ్, స్వామి కొలతలు మాట్లాడల్ల" అన్నాను దండ సర్దుకుంటూ.

భాయ్ గొంతు తగ్గించాడు. "అక్క యాడుందన్నా? అది మిషను. ఎవరో కంపెనీవోళ్లు పెట్టిపోయిరి. మీ అన్న యాడ?"

చేతిలోని దండ లారీ మీద పెట్టేశాను. "మా అన్న కూడా మిషనే."

మామ మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "అంటే మీ డబ్బా వీళ్ల డబ్బాకు నరసింహస్వామిని అమ్మిందా?"

"అవును మామా."

"అహోబిలంలో స్వామి కల్యాణానికి ఎన్నితూర్లు షామియానా వేసినానో" అన్నాడు భాయ్ దిగులుగా, "విగ్రహం కొనే పని మాత్రం నాకెప్పుడూ పడలే పెద్దాయనా."

అప్పటికే బియ్యం ఎసట్లో పడ్డాయి. వండింది పారబోయలేక వీధివాళ్లందర్నీ పిలిచాం. ఏం శుభకార్యమని అడిగినవాళ్లకల్లా అత్త ఒకటే జవాబు: "మా అల్లునికి ఉద్యోగం పర్మనెంటయింది." నేను తలెత్తకుండా వడ్డించాను. ఏడుపొస్తోంది, సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాను.

సాయంత్రం మా సారు ఫోను చేసి బేరం కుదిరినందుకు అభినందించాడు. జరిగిందంతా చెప్పాను. "యంత్రం తన పని తాను చేసింది కదా. బేరం నిలబెట్టలేకపోయింది నువ్వు" అన్నాడు. యంత్రం పర్మనెంటయింది. నన్ను ఇంటికి పంపారు.

గీతలు గీసిన రాయిని వదలడం ఇష్టంలేక మామ ఆ విగ్రహాన్ని పూర్తిచేశాడు. దాన్ని తర్వాత ఒక ఊరివాళ్లు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, దణ్ణం పెట్టి తీసుకుపోయారు. నా వడ్డన చూసి భాయ్ నన్ను టెంటు హౌసులోకి పిలిచాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఫోన్లన్నీ నేనే ఎత్తుతాను.

మొన్న సంజామల నుంచి ఒక అవ్వ ఫోను చేసింది. కుర్చీలు, గిన్నెలు, లైట్లు అన్నీ అడిగింది, విసుక్కోకుండా చెప్పాను. అంతా విని, "నాయనా, నువ్వు మనిషివేనా, మిషనువా?" అంది.

"మనిషినే అవ్వా."

"అన్నీ అట్లే చెప్తాయిలే" అని పెట్టేసింది.

మనిషినని రుజువు చేసుకోవడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. యంత్రాన్ని మనిషిలా మాట్లాడించాలని ఆ మేడమీది గదిలో కిందామీదా పడిన కుర్రవాడు గుర్తొచ్చాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. పాపం, వాడు బాగానే నేర్పాడు.