హంస కడుపులో వాకిలి

డెబ్బైల చివర్లో మా ధర్మవరంలో ఆర్కిటెక్టు అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. అడిగినవాళ్లకు మా నాయన "మా వాడు ఇండ్ల ఇంజనీరుకు చదువుతాండాడు" అని చెప్పి మగ్గం గుంతలోకి దిగిపోయేవాడు. ఆ ఇండ్ల ఇంజనీరు హైదరాబాదులో ఐదో ఏడు చదువుతూ, ఆఖరి ప్రాజెక్టుగా తాను పుట్టిన నేతగాళ్ల వీధినే పడగొట్టి కొత్తగా కట్టాలని పూనుకున్నాడు. కాగితం మీదే లెండి. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టిన పెద్దనాయన ఇంటిని మొట్టమొదట కొట్టేశాను. అంత హాయి ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

మోడల్ చేసుకోవడానికి సెలవుల్లో ఇంటికి వచ్చాను. ఊరంతా తిరిగినా మంచి అట్ట దొరకలేదు. మా అటక మీద మాత్రం జకార్డు అట్టలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. చీర అంచులో ఏ బొమ్మ రావాలో మగ్గానికి చిల్లులతో చెప్పే అట్టలవి. ఒక్కో అట్ట బొమ్మలో ఒక్కో వరస. అన్నిటినీ వరసగా దారంతో దండలా కుట్టి ఉంచుతారు. చిల్లులున్నాయి కాబట్టి నాకు కిటికీలు కోసే పని తప్పింది. దండను అటూ ఇటూ మడిచి నిలబెడితే గోడ తనంతట తానే నిలబడింది. మా మాస్టారు ఏడాది పొడవునా గొంతు చించుకుని చెప్పిన మడతల నిర్మాణం ఏమిటో నాకు అప్పుడే బుర్రకెక్కింది.

బాగా దుమ్ము పట్టిన కట్టను చూసి తీసుకున్నాను. నాయనను అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. వీధిలోకి పెద్ద వాకిలి కావాలని పన్నెండు అట్టల అడుగున బ్లేడుతో కోసి, ముక్కలు పొయ్యిలో వేశాను. హైదరాబాదుకు తిరిగి వెళ్తూ గుంతకల్లులో బండి మారేటప్పుడు ఒకాయన నా పెట్టెలోకి తొంగిచూసి, "ఏమప్పా, కోళ్లగూడా?" అని అడిగాడు. చదువురానివాడనుకుని క్షమించాను.

నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఊళ్లో ఒక పెద్దావిడ తన మనవరాలి పెళ్లికి, తన పెళ్లిచీరలో ఉన్న హంసల అంచే కావాలని నాయనను అడిగింది. ఆ చీర నేసింది మా నాయన వాళ్ల నాయన, మా జేజినాయన. నాయన సరేనని మాట ఇచ్చాడు. బొమ్మ గీసిన గళ్ల కాగితాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలినవి నేను ఎత్తుకెళ్లిన ఆ అట్టలే. అటక మీద ఆ కట్ట కనిపించకపోయేసరికి నాయన అమ్మను అడిగాడు, అమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. ఆయన అదే రోజు బండెక్కాడు.

సరిగ్గా నా ప్రాజెక్టును పరీక్షించే రోజే మా కాలేజీలో దిగాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈ చిల్లుల అమరిక ఎలా సాధించావు?" అని అడిగాడు.

"మా కరువు సీమలో ఎండ ఏ నెలలో ఏ కోణంలో పడుతుందో లెక్కగట్టి వేశాను సార్. మూడు నెలలు పట్టింది" అన్నాను. నాలుక తడబడనేలేదు.

"అది ఎండ కాదు సార్. హంస."

వాకిట్లో చెప్పులు విడిచి, చేతిసంచితో నాయన నిలబడి ఉన్నాడు. ఆయన లోపలికి వచ్చి గోడ ముందు వంగాడు. "ఇది ముక్కు సార్. ఈ మడతలో మెడ వంగుతాది. ఈడ కడుపు..." అని ఆగాడు. నేను కోసిన ఖాళీలో ఆయన వేలు అటూ ఇటూ తిరిగింది.

"కడుపు యాడ పోయిందిరా?"

ఆయన తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాణ్నే. తిట్టలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

పరీక్షకుడు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, "ఈ ఇళ్లలో మీరు ఉంటారా?" అని అడిగాడు. నాయన మోడల్‌ను ఓపికగా చూశాడు. "మగ్గాన్ని మేడ మీద పెట్టినాడు సార్. కాళ్లు పెట్టుకునే గుంత యాడ తవ్వల్ల?"

పుట్టినప్పటి నుంచి నాయనను నడుము దాకా నేలలో ఉండగా చూసినవాణ్ని. ఆ గుంతే మరిచిపోయాను. బొటాబొటి మార్కులతో గట్టెక్కించి, గోడ తీసుకుపొమ్మన్నారు. నేను కూడా నాయన వెంట ఇంటికి వెళ్లాను.

అతుకులకు నేను పూసిన గంజి అంతా తుడిచి, బ్లేడుకు తెగిన అట్టల దండను మళ్లీ కుట్టడానికి రెండు రోజులు పట్టింది. కోసినచోట కాగితం అతికించబోయి నాయన చెయ్యి ఆపాడు. "ఈడ చిల్లులు ఎట్లుండెనో నాకు తెలీదు. తప్పు చిల్లు పొడిచే దానికంటే వాకిలే మేలు. ఉండనీ." అలాగే నేశాడు. కోసిన ఖాళీ మగ్గానికి ఒకే పెద్ద చిల్లు కావడంతో, దండ తిరిగిన ప్రతిసారీ, అంచు పొడవునా ప్రతి హంస కడుపులోనూ బియ్యపుగింజంత జరీ ముద్ద పడింది.

పెద్దావిడ తన పాత చీరను ఒళ్లో పెట్టుకుని కొత్తది పరిచింది. రెంటినీ వేలితో తడిమింది. "నా చీరలో ఇది లేదే."

"మా వాడు పెట్టిన వాకిలి, పెద్దమ్మా. ఇచ్చిన మాట తప్పింది. వద్దంటే చీర నా దగ్గరే పెట్టుకుంటా" అన్నాడు నాయన. తల ఎత్తలేదు.

ఆమె ఆ జరీ ముద్ద మీద మళ్లీ వేలు పెట్టింది.

"బిడ్డ అత్తింటికి పోయేది వాకిట్లో నుంచే కదప్పా" అంది. "మళ్లా మన కాడికి రావల్లన్నా అదే. ఉండనీలే."

తర్వాత నేను చాలా ఇళ్లు గీశాను. నేను గీసిన చోట వాకిలి పెట్టిన ఇంటివాడు ఒక్కడూ లేడు. వాస్తు అనో, మామగారు అనో పక్కకు జరిపేవాళ్లు. నాయన మాత్రం ఆ అట్టలను బాగుచేయించలేదు. మగ్గం మానేవరకు, అడిగిన ప్రతి పెళ్లికూతురికీ నా వాకిలిని నేను కోసిన చోటే నేసి ఇచ్చాడు.