పసుపు అంటిన డై

అది 2019. వానలు వెనకబట్టి దసరా దగ్గరపడిన రోజులు. బర్మాలోని యాంగోన్‌లో ఒక షూటింగ్ క్లబ్బులో నేను ఆర్మరర్‌ని. అంటే పిస్టళ్లు బాగుచెయ్యడం, సభ్యులు వాడేసిన తూటాలు మళ్లీ నింపే పని చూసుకోవడం. మా తాత అహ్లోన్ రేవులో బస్తాలు మోశాడు, మా నాన్న రైసుమిల్లులో ఫిట్టరు, నేనేమో ఇత్తడి గుల్లలతో కుస్తీ. ఈ పని పేరు చెప్తే కొత్తవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. నిజానికి ఇంత నిదానమైన, విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు.

తూటా పేలాక మిగిలే ఇత్తడి గుల్లని కేసు అంటాం. ప్రెస్ అనే చేతియంత్రానికి డై అనే ఉక్కు అచ్చు బిగించి పిడి నొక్కితే సాగిన కేసు మళ్లీ కొలతకి వస్తుంది. ఇంకో డై సీసపు గుండుని అందులో కూర్చోబెట్టి, అంచుని వెంట్రుకవాసి లోపలికి మడుస్తుంది. ఆ మడతే క్రింపు. డై ఎంత లోతుకి దిగాలో పట్టి ఉంచేది దాని మెడకున్న లాక్ రింగు. ఆ రింగు వదులు చేశామా, మన సెట్టింగు గంగలో కలిసినట్టే.

ఊళ్లో లత అనే పేటలో పైపులూ బోల్టులూ అమ్మే పోలినాయుడు మావకి సొంత డైలు ఉండేవి. మాకు చుట్టరికం ఏం లేదు, క్లబ్బులో తెలుగువాళ్లం మేమిద్దరమే కాబట్టి వరస కలిసింది. యాభై దాటినా పిస్టల్ ఎత్తితే ఆయన చెయ్యి గూటంలా నిలిచేది. దసరా మర్నాడు జట్టుకి ఎంపిక పోటీ. వచ్చే ఏడు నుంచి కుర్రాళ్లనే తీసుకుంటామని కోచ్ ముందే చెప్పేశాడు. మావకి అదే ఆఖరి అవకాశం. అందుకే ఆయన డైలు దగ్గర కూర్చుని సెట్ చేసి, రింగు బిగించి, పండక్కి తన్లిన్‌లో మా చెల్లెలింటికి వెళ్లాను.

పోటీ రోజు వచ్చి చూద్దును కదా, మావ పేల్చిన గుండ్లు గురి అట్ట మీద చిందరవందరగా పడుతున్నాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకి. అంతా అయ్యాక మావ బల్ల మీద కూలబడి, అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఒరే అప్పన్నా, నా సెయ్యి అయిపోనాదిరా."

"అదేటి మావా ఆ మాట?"

"నాను సూసినాను కదా. సెయ్యి ఒణక్కపోతే అలగెందుకౌద్ది?"

మిగిలిన తూటా ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశాను. క్రింపు మరీ లోతుగా దిగిపోయింది. గుండు ఊడదీస్తే సీసం చుట్టూ గాటు. అలా నలిగిన గుండు సూటిగా పోదు. లోడింగ్ గదిలోకి పరిగెత్తి ఆయన డై విప్పాను. అద్దంలా మెరుస్తోంది. మరచుట్ల సందుల్లో పసుపు, రింగు మీద కుంకుమ బొట్టు.

"మావా, ఇది ఎవరు ఇప్పారు?"

"ఎవుడిప్పుతాడు, నానే. ఆయుధపూజకి ఇంటికట్టుకెళ్లి కిరసనాయిలుతో కడిగినాను. రింగు కింద మురికుంటే అమ్మోరి ముందు ఎలగెడతాను? మళ్లీ ఎక్కడున్నది అక్కడే బిగించీసి, పండగ సాయంత్రఁవే వొచ్చి తూటాలు నింపుకున్నాను."

ఎక్కడున్నది అక్కడే! కంటి అంచనాతో! నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. డై కాస్త ఎక్కువ కిందికి దిగిపోయిందని, చేతి తప్పేమీ లేదని విడమరిచి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"అయితే ఏటంటావు? అమ్మోరికి బొట్టెట్టినందుకు నాను ఓడిపోనానా?"

"బొట్టు వల్ల కాదు మావా, రింగు వల్ల."

"రెండూ ఒకటేరా. నాకు వయసొచ్చిన కాడి నుంచి కొట్లో రెంచీకీ, తక్కెడకీ బొట్టెడతన్నాను. ఆ తల్లి నన్నెప్పుడూ సెడగొట్టలేదు. తప్పు నా సేతిదే, ఒదిలీ."

నాకు ఒళ్లు మండింది. ఇంత కళ్లకు కట్టినట్టు చూపిస్తుంటే ఈ మొండితనం ఏమిటని విసుక్కున్నాను కూడా. అమ్మవారి మీద మాట పడనివ్వడం కంటే ఆయనకి తన చేతిని వదులుకోవడమే సులువైంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే పాత మంచి తూటా కొలతగా పెట్టుకుని డై సరిచేశాను. ఒక పెట్టె నింపి ఆయన పేరు రాసి పెట్టాను. "ఒక్కసారి పేల్చి చూడు మావా, నీకే తెలుస్తుంది" అని ఫోన్ చేసినప్పుడల్లా "వొచ్చే వారం" అనేవాడు. ఆ వచ్చే వారం రానే లేదు. 2021లో సైన్యం గద్దెనెక్కింది, క్లబ్బుకి తాళం పడింది. పిస్టళ్లతో పాటు ఆ పెట్టె కూడా వాళ్లకే అప్పగించేశాం.

ఇప్పుడు అహ్లోన్‌లో నీళ్ల పంపులు బాగుచేస్తున్నాను. ఆ క్లబ్బు పనిలో నేర్చుకున్నది ఒకటుంది: యంత్రం సరిచేశాక అక్కడితో లేచిపోను. యజమాని తన చేత్తో తిప్పి చూసేదాకా కదలను. ఆ వేళ మావని రెక్క పట్టుకుని లాక్కెళ్లి ఒక్క తూటా పేల్పించాల్సింది.

పోయిన నెల బోల్టుల కోసం లతలో మావ కొట్టుకి వెళ్లాను. మావ ఫ్లాస్కు వంచి, చిన్న కప్పు నిండా అంచుదాకా టీ పోసి, కౌంటరు మీంచి చెయ్యి చాపి అందించాడు. చుక్క ఒలకలేదు. నేను కప్పు అందుకోకుండా ఆ చెయ్యే చూస్తున్నాను.

"ఏటిరా అలగ సూస్తన్నావు?"

"ఒణకట్లేదు మావా."

ఆయన కూడా చూసుకున్నాడు. చాలాసేపు కప్పు అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే ఆ వేళ నువ్వు సెప్పింది నిజఁవేనేటి, అప్పన్నా?"

అవునన్నాను. ఆయన కప్పు నా ముందు పెట్టి, బోల్టులు తెస్తానని లోపలికి వెళ్లిపోయాడు. నా టీ చల్లారిపోయినా బయటికి రాలేదు.