బ్రెన్ అన్నయ్య పెళ్ళి

పొద్దున్నే అమీర్‌పేట నించి పంజాగుట్టలోని డబ్బింగు స్టూడియోకి నడిచి వెళ్తూ సీతామహాలక్ష్మి ఒక ఇరానీ హోటలు ముందు కాసేపు ఆగేది. చాయ్ కోసం కాదు. అద్దానికి అవతల కూర్చుని మాట్లాడుకునేవాళ్ళ పెదవుల వంక చూసి, తనకి వినబడని ఆ కబుర్లకి తన మాటలు అతికించేది. పెదాలు కలుసుకున్న చోట 'మ'నో 'ప'నో పడాలి. నోరు తెరుచుకున్న చోట దీర్ఘం రావాలి. ఒకసారి ఒకాయన ఇటు తిరిగి కోపంగా చూస్తే, ఆ కోపానికి కూడా ఓ వాక్యం కుదిర్చాకే కదిలింది.

అది రెండువేల సంవత్సరం. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, జావా అనో ఒరాకిల్ అనో కాగితం అంటించేస్తున్న రోజులు. ఆమె అద్దెకున్న ఇంటి పై అంతస్తులన్నీ కోచింగుకి వచ్చిన ఆడపిల్లల హాస్టలు. మెట్ల మీద ఎదురైన ప్రతి పిల్లా, "ఆంటీ, మీరే కోర్సు?" అని అడిగేది. "నేను తెలుగు రాస్తానమ్మా" అంటే జాలిగా చూసేది.

తణుకులో బడిపిల్లలకి తెలుగు చెప్పుకునే మనిషి. భర్త కామరాజుకి బదిలీ అయితే హైదరాబాదు వచ్చి, సబ్బుల ప్రకటనలకీ తలనొప్పి మాత్రలకీ డబ్బింగు మాటలు రాస్తూ ఏళ్ళు గడిపింది. చివరికి ఒక పెద్ద పని దొరికింది. ఆకాశంలో ఓడ వేసుకుని గ్రహాలన్నీ తిరిగే ఇంగ్లీషు సీరియల్ అది. వారానికో భాగం తెలుగులో వస్తుంది. తెర మీద 'మాటలు: సీతామహాలక్ష్మి' అని పడుతుంది. ఆ అక్షరాలు కనబడినంతసేపూ కామరాజు ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

వచ్చిన చిక్కల్లా ఆ ఓడలోని అన్నయ్యతోనే.

ఓడకి కెప్టెను బ్రెన్. అందులో డాక్టరు ఓరా. మొదటి టేపులోనే ఓరా ఏడుస్తుంటే బ్రెన్ ఆమెని దగ్గరికి తీసుకుని వీపు నిమురుతాడు. స్టూడియో ఓనరు వీర్రాజు అక్కడ టేపు ఆపించాడు.

"ఏంటండీ ఇది! సాయంత్రం పూట పిల్లలూ ముసలాళ్ళూ కూర్చుని చూసే టైము. పెళ్ళికాని ఆడదీ మగాడూ ఇలా వాటేసుకుంటే ఛానలోళ్ళు మనల్ని బతకనిస్తారా? అన్నాచెల్లెళ్ళని చేసేయండి."

"వీర్రాజుగారూ, వాళ్ళ చూపు అలా లేదండీ. ముందు ముందు ఏమవుతుందో మనకి తెలీదు. టేపులు నాలుగేసి చొప్పున పంపిస్తున్నారాయె."

"చూపు ఎవరు చూస్తారండీ! చెవికి ఏది వినబడితే అదే చుట్టరికం."

ఆమె చాలాసేపు వాదించింది. చివరికి విసుగొచ్చి, "సరే, అన్నయ్యా అని పిలిపిస్తాను. అంతకుమించి వాళ్ళకో అమ్మని పుట్టించమంటే మాత్రం నావల్ల కాదు" అంది. అలా బ్రెన్ అన్నయ్యయ్యాడు. జనానికి తెగ నచ్చాడు. గాయపడ్డ బ్రెన్ మణికట్టుకి ఓరా కట్టుకట్టే ముక్క ఒకటుంటే, రాఖీ పండక్కి ఛానలు వాళ్ళు దాన్నే రోజంతా వేశారు. అది చూసి సీతామహాలక్ష్మి టీవీ కట్టేసి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత కొత్త టేపులు వచ్చాయి. అద్దాల గదిలో రికార్డింగు చూసుకునే రాజనర్సయ్య మొదటి టేపు పెట్టాడు. ఓడకి చిల్లు పడి గాలి పోతోంది. బ్రెన్, ఓరా బయటికి వెళ్ళి దాన్ని పూడ్చారు. లోపలికి వచ్చాక బ్రెన్ ఆమె ముందు మోకాలి మీద కూర్చున్నాడు. తర్వాత అందరి ఎదుటా ఉంగరం తొడిగాడు. తర్వాత ముద్దు పెట్టుకున్నాడు.

వీర్రాజు టేపు ఆపించాడు.

"అక్కా," అన్నాడు రాజనర్సయ్య, "గీ అన్న చెల్లెను చేసుకుంటుండు."

వీర్రాజు తల పట్టుకున్నాడు. రేపు మధ్యాహ్నం ఛానలు నించి రామ్మోహనరావు వస్తాడు. భాగం చూసి సరే అంటే ప్రసారం. ఇక్కడ డబ్బింగు నాసిగా ఉందని ఆయన ఇదివరకే రెండుసార్లు అన్నాడు. ఈసారి కూడా నచ్చకపోతే మిగతా సీరియలంతా మద్రాసు స్టూడియోకి ఇచ్చేస్తానన్నాడు. అంటే సీతామహాలక్ష్మి మళ్ళీ సబ్బుల దగ్గరికి పోవాలి.

"ముద్దు కోసేద్దాం," అన్నాడు వీర్రాజు.

"మరి ఉంగరం?"

"చెల్లెలికి బహుమానం అనండి."

"అందరూ చప్పట్లు కొడుతున్నారండీ! పూలు జల్లుతున్నారు!"

"పుట్టినరోజు అనండి. మీరు రచయిత్రి, మీకు నేను చెప్పాలా?"

"జర ఆగుర్రి," అన్నాడు రాజనర్సయ్య. "గా గ్రహంల ఏదో గాలి పీల్చిండ్రు, మతి తప్పింది అని పెడదం."

"మతి తప్పి పెళ్ళి చేసుకున్నవాళ్ళు వచ్చే వారం నించి కాపరం చేస్తారు నర్సయ్యా. వారం వారం గాలి పీల్పించమంటావా?" అని సీతామహాలక్ష్మి కాగితాలు బల్ల మీద విసిరికొట్టింది. "అప్పుడే చెప్పాను. చూపు చూడండి మహాప్రభో అని మొత్తుకున్నాను. చూపు ఎవరు చూస్తారు అన్నారు. ఇప్పుడు రాష్ట్రమంతా చూస్తుంది!"

"అయ్యిందేదో అయ్యింది, ఏదో ఒకటి రాయండి సీతగారూ," అని వీర్రాజు కిందికి వెళ్ళిపోయాడు. చిరాకొచ్చినప్పుడల్లా ఆయన కిందికి వెళ్ళి మిర్చిబజ్జీ తినేవాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకి మరింత ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమంతా రాసింది, కొట్టేసింది. కింది అంతస్తు కంప్యూటరు కోచింగులో మాస్టరు మైకు పట్టుకుని అరుస్తున్నాడు. ఆ మైకు ఆగితే తప్ప పైన రికార్డింగు కుదరదు. ఓరాకి గొంతిచ్చే మంజూష, బ్రెన్‌కి గొంతిచ్చే దుర్గేష్ ఓ మూల కూర్చుని క్లాసు అయిపోవాలని ఎదురుచూస్తున్నారు.

"దుర్గేషన్నయ్యా, ఆ నీళ్ళ సీసా ఇటివ్వరూ," అంది మంజూష.

సీతామహాలక్ష్మి తలెత్తింది. "మంజూషా, అతను నీకేమవుతాడు?"

"ఏమీ అవరండీ. ఎందుకూ?"

"మరి అన్నయ్యా అంటావేం?"

మంజూష నవ్వింది. "భలేవారే. ఈ చిన్న గదిలో తలుపులు బిగించుకుని గంటలు గంటలు ఇద్దరమే మాట్లాడుకుంటాం. అవీ ఏం మాటలు? ఏడుపులూ నిట్టూర్పులూ! బయటవాళ్ళు ఏమనుకుంటారు? చేరిన రోజే అనేశాను. ఇంక ఎవరికీ నోరు లేవదు. మీరు వీర్రాజుగారిని అనరా?"

"నేను గారూ అంటాను. నా వయసు నాకు కాపలా," అంది సీతామహాలక్ష్మి. అని ఒక్కసారిగా లేచి నిలబడింది. "నర్సయ్యా! ఆ చిల్లు పూడ్చే సీను మళ్ళీ పెట్టు."

ఓడ బయట బ్రెన్, ఓరా. ఇద్దరి తలలకీ గుండ్రటి శిరస్త్రాణాలు. ముందు నల్లటి అద్దం. ఇంగ్లీషులో అక్కడ ఊపిరి చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. పెదాలు కనబడవు. కనబడనప్పుడు ఏం మాట్లాడించినా అడిగేవాడు లేడు.

అక్కడే నిలబడి రాసింది. మైకు ఆగగానే మంజూష చదివింది.

"మీకు గుర్తుందా? ఓడ ఎక్కిన రోజే మిమ్మల్ని అన్నయ్యా అన్నాను. ఇంతమంది మగవాళ్ళ మధ్య నన్నెవరూ ఓ మాట అనకూడదని అన్నాను. ఆ పిలుపు చాటున నిశ్చింతగా పని చేసుకున్నాను. ఇప్పుడు గాలి అయిపోతోంది. ఇంకా అబద్ధం చెప్పలేను. మీరు నాకు అన్నయ్య కారు."

దుర్గేష్ చెప్పాల్సింది ఒక్కటే ముక్క. "తెలుసు. నువ్వంతట నువ్వు చెప్పేదాకా ఆగాను." అతను మొదటిసారి తడబడ్డాడు, రెండోసారి దగ్గాడు.

"ఏమైంది భాయ్, గొంతుల ముల్లు పడ్డదా?" అన్నాడు రాజనర్సయ్య. మంజూష కాగితంలోకి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత కుదిరింది.

మర్నాడు రామ్మోహనరావు వచ్చాడు. వీర్రాజు ఆయన పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. నల్లటి అద్దాల సీను రాగానే రామ్మోహనరావు చాయ్ కప్పు కింద పెట్టాడు. పెళ్ళి అయ్యేదాకా మళ్ళీ దాన్ని ముట్టలేదు.

"ఇంగ్లీషులో అక్కడ ఈ మాటలు ఉన్నాయా?"

వీర్రాజు నోరు తెరవబోయాడు. "లేవండీ," అంది సీతామహాలక్ష్మి. "నేను రాశాను."

"ఇంతకాలం అన్నయ్య అన్నది ఇప్పుడు కాదంటే జనం నమ్ముతారా?"

"మీ ఆఫీసులో ఆడవాళ్ళు మిమ్మల్ని ఏమని పిలుస్తారండీ?"

"అన్నయ్యగారూ అంటారు. దాదాపు అందరూ..." ఆయన ఆగిపోయాడు. కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనిపించాడు. "అందరూ ఇందుకేనంటారా?"

"అందరి సంగతీ నాకు తెలీదండీ. నమ్ముతారా అని అడిగారు కాబట్టి చెప్పాను."

ఆయన చల్లారిన చాయ్ తాగేసి లేచాడు. "ముద్దు కోసేయండి. పెళ్ళి ఉండనివ్వండి. మిగతా టేపులు ఇక్కడికే పంపిస్తాను." గుమ్మం దగ్గర మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మరి మేము వేసిన ఆ రాఖీ?"

"అది రాఖీ కాదండీ, కట్టు. ఆయన చేతికి దెబ్బ తగిలింది."

రామ్మోహనరావు మెట్లు దిగాడో లేదో వీర్రాజు కాళ్ళు చాపుకుని, "నేను మొదటి నించీ ఇదే అనుకున్నానండీ. అందుకే కదా అన్నయ్యని చేయించింది," అన్నాడు. సీతామహాలక్ష్మి ఆయన పెదవులు కదులుతుంటే చూస్తూ కూర్చుంది. రాజనర్సయ్య మాత్రం అద్దం వెనక పొట్ట పట్టుకుని నవ్వాడు.

సీరియల్ ఆఖరి భాగం దాకా ఆమె పేరుతోనే వచ్చింది. సీతామహాలక్ష్మికి ఇప్పుడు అరవై దాటాయి. అమీర్‌పేటలోనే ఉంటోంది. ఫోన్లలో చూసే విదేశీ సీరియళ్ళకి తెలుగు మాటలు రాస్తోంది. ఆఖరి భాగం చూసేదాకా మొదటి భాగానికి ఒక్క మాట కూడా రాయదు.